పోలయ్య పుట్టుమచ్చ

జర్మనీ యుద్ధంతో బియ్యం ధర రెట్టింపైనా, ఊరూరా ఉత్తరాల టపా మోసి, వయసుడిగి పని చాలించిన పోలయ్య పింఛను మాత్రం కదల్లేదు. బతికే ఉన్నానని చూపడానికి ఏటా ఉద్దానం నుంచి టెక్కలి తాలూకా కచేరీకి వచ్చి, మెట్టెక్కేముందు కాళ్ళ ఇసుక దులుపుకొని మీసం దువ్వుకొనేవాడు. ఆ ఏడు గుమస్తా రిజిస్టరు చూసి, "లావుపాటి మనిషి, బొడ్డు పక్కన పుట్టుమచ్చ అని ఉంది. నువ్వు వాడివి కావోయ్" అన్నాడు. పోలయ్య నలుగురి ముందూ చొక్కా ఎత్తి, పొట్ట ముడతల్లో మచ్చ వెతుక్కోవలసి వచ్చింది.

"ఎక్కడ దాసీసినావేటి మావా?" అని తోటి పింఛనుదార్లు కిసుక్కుమన్నారు.

దొరికిన మచ్చను వేలితో నొక్కిపట్టి, పోలయ్య అక్కడే కుర్చీలో ఉన్న తహసీల్దారు వైపు తిరిగాడు. "మచ్చ నాదే బాబూ. లావు బియ్యం దర తినీసింది. పింఛను పెంచితే పుస్తకంలో మనిసి మల్లీ వత్తాడు."

తహసీల్దారు నవ్వుతూనే ఆ మాట పై అధికారులకు రాసి పంపాడు. మూడో నెలలో పింఛనుదార్లందరికీ నెలకు రూపాయి పెరిగింది. ఆనాడు నవ్వినవాళ్ళే పోలయ్యను బండెక్కించి, ఊరిదాకా పక్కన తాము నడిచారు.