బాబ్జీ పొయ్యిలూ, పెట్టుబడిదారుడి భోజనమూ

కొత్తపేటలో కొబ్బరుండలు చేసి అమ్మే బాబ్జీకి ‘ఇంకొంచెం వేసుకోండి’ అనడం వచ్చు. ‘కుదరదండి’ అనడం రాదు. అందులోనూ ఎదుటి మనిషి ఆకు ముందు కూర్చుని ఉంటే అసలే రాదు.

హైదరాబాదు నుంచి నాగసతీష్ వచ్చి ఈ చిన్న కొబ్బరుండల కంపెనీలో పెట్టుబడి పెట్టిన రోజే బాబ్జీ ఇరుక్కుపోయాడు. నాగసతీష్ మంచివాడు. అదే చిక్కు, తిట్టుకోవడానిక్కూడా వీల్లేదు. వ్యాపారం ఎలా పెంచాలో మాట్లాడదామని అతను ల్యాప్‌టాప్ తెరిచే వేళకి బాబ్జీ పెళ్ళాం సత్యవేణి ఆకులు వేసేసేది.

“బాబ్జీగారూ, ఈ ఏడాది విజయవాడలో, విశాఖలో షాపులు తెరుద్దామా?”

“ఆయ్, అలాగేనండి. కాస్త నెయ్యి వేయించుకోండి.”

రొయ్యల ఇగురు దగ్గర రావులపాలెం రోడ్డులో షెడ్డు ఒప్పుకున్నాడు. పెరుగు దగ్గర స్టీము మిషన్లు ఒప్పుకున్నాడు. ఆవకాయ నంజుకుంటూ నాగసతీష్, “మరి ఇక్కడి పొయ్యిలు తీయించేద్దామండి” అన్నాడు. బాబ్జీ చేతిలో గరిటె ఆగిపోయింది. నోరు మాత్రం ఆగలేదు, “ఆయ్” అనేసింది.

కొబ్బరి డొక్కలతో మండే ఆ పొయ్యిల దగ్గర పాకం తిప్పడం తప్ప బాబ్జీకి వేరే సరదా లేదు. పెట్టుబడి వచ్చాక అతన్ని ఏసీ గదిలో, గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టేశారు. కిటికీ సందులోంచి బెల్లం వాసన వస్తే ఆ కుర్చీలోనే అటూ ఇటూ తిరిగేవాడు. ఇక ఆ వాసన కూడా ఉండదు.

“అన్నం పెట్టకముందే చెప్పెయ్యొచ్చు కదండీ” అంది సత్యవేణి.

“ఇంటికొచ్చినోడు చెయ్యి కడుక్కోకముందే కాదనమంటావేంటే?”

“అయితే మీరే వాళ్ళింటికెళ్ళండి. అక్కడ వడ్డించేది మీరు కాదుగా.”

ఈ ఉపాయం బాబ్జీకి బ్రహ్మాండంగా తోచింది. బస్సులో దారి పొడుగునా ‘పొయ్యిలు మాత్రం ఉంచండి’ అని వల్లించుకున్నాడు. పక్క సీటాయన, “ఏ పొయ్యిలండీ?” అని అడిగి, కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

నాగసతీష్ తలుపు తీస్తూనే కాళ్ళకి నీళ్ళిచ్చాడు. లోపల అరిటాకు పరిచి ఉంది. వాళ్ళమ్మగారు పనసపొట్టు కూర గిన్నెతో నిలబడి ఉన్నారు.

“మీ ఇంట్లో చూసే నేర్చుకున్నామండి. మొహమాటపడకూడదు” అన్నాడు నాగసతీష్.

ఒకరింట్లో విస్తట్లో చెయ్యి పెట్టి, వాళ్ళ మాటే కాదనడం బాబ్జీ వంశంలో లేదు. పులిహోర తింటూ కొత్త ప్యాకెట్ల రంగు ఒప్పుకున్నాడు. మజ్జిగ దగ్గర పొయ్యిలు పడగొట్టే ముహూర్తం కూడా తనే చెప్పాడు, “సోమవారం మంచిదండి” అని.

“చెప్పేరా?” అంది సత్యవేణి, అతను ఇంటికి రాగానే.

“ఆవిడ కూర మళ్ళీ మళ్ళీ వేసేరే. నోరు ఖాళీ లేదు.”

“కూరెలా ఉందేంటి?”

“ఆవ ఎక్కువైంది. అదీ చెప్పలేకపోయాను.”

సత్యవేణి కేలండరు దగ్గరికెళ్ళింది. “ఈసారి మీటింగు ఏకాదశినాడు పెట్టమనండి. ఆ రోజు మనం తినం, పెట్టం. హాయిగా కాదనెయ్యొచ్చు.”

బాబ్జీ మొహం వెలిగింది. ఫోను తీస్తూ, “ఏకాదశి ఎప్పుడే?” అన్నాడు.

“గురువారం.”

అంతకు ముందే సోమవారం వచ్చేస్తుంది. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పొయ్యిల వంక ఓసారి చూశాడు.

“సోమవారం పడగొట్టడానికి ఎంతమందొస్తారో కనుక్కోవాలే” అన్నాడు చివరికి. “మధ్యాహ్నం భోజనాలు మనింట్లోనే కదా.”