పిడికిలి బిగిస్తే పొగ ఆగినట్టు

మొన్న పొద్దున్నే దుకాణం తెరుస్తుంటే ఎదురు షెడ్డు మెకానిక్ కొడుకు వచ్చాడు. "అన్నా, ఒక పెద్ద తెల్ల కాగితం, మార్కర్ ఇయ్యవా. నాన్న పోయిండు. రాసి షట్టర్ మీద అంటియ్యాలె," అన్నాడు. నేనే రాసిచ్చాను. అంబర్‌పేట్ శ్మశానానికి వెళ్లొచ్చి రెండు రోజులైంది. ఒళ్లంతా బరువుగా ఉంది, బేరాల మీద మనసు పోవడం లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నాది చిక్కడపల్లిలో చిన్న స్టేషనరీ దుకాణం. పెన్నులు, ఫైళ్లు, పరీక్షల దరఖాస్తు ఫారాలు. గల్లీకి అవతలి పక్క ఆయన షెడ్డు. ఆయన అందరికీ ఉస్తాదే. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లల పాత బళ్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. జబ్బు కూడా చాలావాటికి ఒకటే. ఇంజనుకు సైలెన్సర్ గొట్టం కలిసే చోట ప్యాకింగ్ రింగు కాలిపోతుంది. పొగ సందులోంచి తన్నుకొచ్చి టప్‌టప్‌మని కొడుతుంది.

మీలో ఎవరైనా చేయించుకుని ఉంటే గుర్తుంటుంది, ఇంజను చల్లారేదాకా ముట్టేవాడు కాదు. తొందరపెట్టినవాళ్లకు స్టూలు చూపించి, "నువ్వు గూడ జర చల్లారు," అనేవాడు. తర్వాత పాత రింగు గీకేసి, మసి తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, రెండు నట్లూ ఇటు కాస్త అటు కాస్త బిగించేవాడు. "ఒక్కదాని మీదనే జోరు జూపిస్తే రెండోది అలుగుతది," అనేవాడు. చివరికి బండి స్టార్ట్ చేసి, తల పక్కకు వంచి వినేవాడు. ఆ వినడమే ఆయన పనితనం.

2011లో ఒకరోజు ఒక హాస్టల్ పిల్లవాడు వరసగా రెండోసారి వచ్చాడు. "తాతా, నిన్ననే జేసినవ్ గదా! గల్లీ మొత్తం లేస్తున్నది!"

"కొత్త రింగు. సెట్టయితది, పో," అన్నాడు ఉస్తాద్.

ఆ చప్పుడు నా బల్ల దగ్గరికే స్పష్టంగా వినిపిస్తోంది. పిల్లవాడు వెళ్లాక గల్లీ దాటి వెళ్లి అడిగాను. "ఉస్తాద్, నీకు వినపడ్తలేదా?"

చుట్టూ చూశాడు. "జర మెల్లగ మాట్లాడు సేటూ."

"మెల్లగ మాట్లాడితే నీకేం తెలుస్తది?"

ఇద్దరం నవ్వేశాం. ఆయనే ముందు ఆపాడు. "నా కొడుక్కు తెలిస్తే ఇంట్ల కూసోమంటడు. ఇంట్ల కూసుంటె నేను ఆరు నెల్లు గూడ ఉండ."

"చెవికి మిషన్ పెట్టిచ్చుకోరాదు?"

"మిషన్ పెట్టుకున్న మెకానిక్‌కు బండెవడిస్తడు?"

ఆ సాయంత్రమే ఒప్పందం చేసుకున్నాం. ఆయన స్టార్ట్ చేసి నా వైపు చూస్తాడు. నేను చెయ్యి విప్పి చూపిస్తే పొగ పోతున్నట్టు, పిడికిలి బిగిస్తే ఆగినట్టు. ఆ తర్వాత ఏ బండీ తిరిగి రాలేదు. కొడుక్కి తెలియలేదు.

కానీ నాకూ అలసటగా ఉండేది. ఫారాలన్నీ మెల్లగా కంప్యూటర్లలోకి పోతున్నాయి. వచ్చినవాళ్లు ఒక పెన్ను కొని వెళ్లిపోతున్నారు. మోకాళ్ల నొప్పులు వేరే. పోయినేడు ఒక మధ్యాహ్నం ఆయన చూసినప్పుడు సరిగ్గా వినకుండానే పిడికిలి చూపించి తల దించుకున్నాను. కాసేపటికి చూస్తే బండి ఇవ్వలేదు, మళ్లీ నట్లు విప్పుతున్నాడు. అనుమానమొచ్చి వెళ్లాను.

ఆయన వేళ్ల మధ్య సన్నని కాగితం ముక్క ఉంది. నా దుకాణంలో కత్తిరించి పడేసిన అంచే. బండి స్టార్ట్ చేసి జాయింటు చుట్టూ తిప్పాడు. ఒకచోట రెపరెపలాడింది.

"పొగ ఈడ పోతున్నది. నీ చెవులు గూడ పోయినయా సేటూ?"

"ఇది ఎప్పటి సంది జేస్తున్నవ్?"

"నువ్వు చెయ్యి సూపుడు షురువైన నెలకే దొరికింది ఉపాయం."

"మరి రోజూ నా దిక్కెందుకు జూస్తున్నవ్?"

ఆయన రింగు మసి తుడుస్తూ అన్నాడు. "పొద్దందాక బల్ల ఎనక తలకాయ ఏలాడేసుకోని కూసుంటవ్. నేను జూస్తెనన్న ఎత్తుతవని."

ఆయన్ని పనిలో నేను నిలబెడుతున్నానని ఇన్నాళ్లూ లోలోపల గర్వపడ్డాను.

అది తెలిశాక కూడా ఇద్దరం మానలేదు. పోయిన నెలలో ఆఖరిసారి. మనిషి బాగా చిక్కాడు, కిక్కు కొట్టడానికి మూడుసార్లు లేచాడు. బండి అందుకుంది. కాగితం ముక్క జాయింటు చుట్టూ తిప్పాడు, కదల్లేదు. దాన్ని జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. నా ముందు ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. వాళ్లను ఆగమని బయటికొచ్చి, మెట్టు మీద నిలబడి, ఇంజను చప్పుడు మొదటి నుంచి చివరిదాకా విని పిడికిలి ఎత్తాను. గల్లీకి అవతల, మసి అంటిన పిడికిలి ఆయనా ఎత్తాడు.