క్రిస్మస్ దాకా ఇంగ్లీషు రాని టీచరు

పొద్దున్నే ఏడుంపావుకి జెలీ సురెట్ రేవు రోడ్డులో కాఫీ కిటికీ దగ్గర ఆగుతుంది. నోరు తెరవదు. రెండు వేళ్లు చూపిస్తుంది, అంటే పెద్ద కప్పు. తరవాత బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి మధ్య కాస్త సందు వదులుతుంది, అంటే పాలు కొంచెమే. లోపల వెర్నా నవ్వాపుకుంటూ కప్పు నింపుతుంది.

"ఏమ్మా, ఇవాళ కూడా మూగనోమేనా?"

జెలీ కళ్లతోనే వెనక్కి సైగ చేస్తుంది. వెనకాల బస్సు కోసం నిలబడ్డ ఏడో తరగతి పిల్లలిద్దరు చెవులు రిక్కించి ఉంటారు.

"అయ్యో, నీకు నా మాట అర్థం కాదు కదూ, మర్చేపోయాను. ఇందా కాఫీ. అందులో ఉప్పేశాను," అంటుంది వెర్నా గట్టిగా.

ఆ పిల్లలు జెలీ మొహంలోకి చూస్తారు. ఆ మొహంలో ఏమీ కదలదు. "మెర్సీ" అని ఆవిడ ఫ్రెంచిలో థాంక్స్ చెప్పి, హాయిగా నవ్వి, ఓ గుక్క తాగి, బడి వైపు నడిచిపోతుంది.

సెప్టెంబరు మొదటి రోజు నుంచి క్రిస్మస్ సెలవుల దాకా ఇదే వరస. క్రోవెల్ హార్బర్ జూనియర్ హై బడిలో ఏడో తరగతికి రెండు సెక్షన్లు, ఒకటి ఇంగ్లీషు, ఒకటి ఫ్రెంచి. అప్పటిదాకా ఫ్రెంచిలో పది ముక్కలు రాని పిల్లలు కూడా రెండోదాంట్లో చేరొచ్చు. చేరితే మాత్రం సైన్సూ, లెక్కలూ, సాంఘికమూ అన్నీ ఆ భాషలోనే. ఆటలూ ఇంగ్లీషు పాఠమూ తప్ప ఇంకెక్కడా ఇంగ్లీషు వినపడదు. ఆ మొదటి ఏడాది భారమంతా జెలీది. ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటే. పిల్లలు ఆవిడని మదామ్ అంటారు. వాళ్ల లెక్కలో మదామ్‌కి ఇంగ్లీషు రాదు. దాహమేస్తే, కడుపులో నొప్పొస్తే, పక్కవాడు పెన్సిలు లాక్కుంటే, ఏదైనా సరే ఫ్రెంచిలో చెప్పాలి, లేదా బొమ్మ గీసి చూపించాలి, లేదా ఆడి చూపించాలి.

ఊరు చిన్నది. ఇరవయ్యేళ్లుగా ఈ సంగతి ఊళ్లో పెద్దవాళ్లందరికీ, పై తరగతుల పిల్లలకీ తెలుసు, ఒక్కరూ బయటపెట్టలేదు. పోస్టాఫీసులో ఆవిడకి స్టాంపులు బొమ్మలు చూపించి ఇస్తారు. పళ్ల డాక్టరైతే ఓసారి ఆవిడ నోరు పూర్తిగా తెరిపించి, "ఇప్పుడైనా ఒక్క ముక్క మాట్లాడవేం?" అన్నాడట.

జెలీది తీరం వెంట ముప్పై మైళ్ల అవతలున్న, తరతరాలుగా ఫ్రెంచి మాట్లాడే అకేడియన్ల పల్లె. అక్కడ కోడీ, కుక్కా, పాదిరిగారూ అందరిదీ ఫ్రెంచే. ఆవిడకి పన్నెండేళ్లప్పుడు తండ్రికి ఈ ఊళ్లో చేపల ఫ్యాక్టరీలో పని దొరికింది, ఆవిడ ఇంగ్లీషు బడిలో పడింది. ఆ ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అసలు ఆ పిల్ల ఏమైనా చెప్పగలదని ఎవరికీ తోచలేదంతే. తన క్లాసులో పిల్లలు సరిగ్గా ఆ వయసు వాళ్లే. వాళ్లకి మాట రాకపోయినా వాళ్ల మాట కోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఎదురుగా నిలబడి ఉండాలని ఆవిడ పట్టుదల.

మూడేళ్ల కిందట ఆ పట్టుదల చిక్కుల్లో పడింది. కారణం టామ్‌సిన్ నికర్సన్ అనే పిల్ల.

టామ్‌సిన్ తండ్రి డ్వైట్ లాబ్‌స్టర్లు పట్టేవాడు, తల్లి నర్సు. ఆరో తరగతిలో ఆ పిల్ల ఎప్పుడూ ముందుండేది. ఏడులో ఫ్రెంచి సెక్షన్ కావాలని తనే పట్టుబట్టి చేరింది. చేరిన రెండో వారానికల్లా మాట ఆగిపోయింది. మిగతా పదహారు మందీ తప్పో ఒప్పో ఏదో ఒకటి వాగేవాళ్లు. కోల్బీ అనే కుర్రాడైతే "మదామ్, నేను బాత్రూమ్ ఉన్నాను!" అని ధైర్యంగా ప్రకటించి పరుగెత్తేవాడు. టామ్‌సిన్ మాత్రం తప్పు మాట అనేకంటే ఊరుకోవడమే మేలనుకునే రకం. ద్రావణాల పాఠం అయ్యాక పెట్టిన పరీక్షలో, నీళ్లలో ఉప్పు ఎలా కరుగుతుందో చక్కగా బొమ్మ గీసి, కింద గీతల మీద ఒక్క అక్షరం రాయకుండా ఇచ్చేసింది.

అక్టోబరు మూడో వారంలో వైస్ ప్రిన్సిపాల్ మార్లా గోరమ్ జెలీని తన గదిలోకి పిలిచింది. బల్ల మీద ఒక ఫారం ఉంది.

"నికర్సన్ వాళ్లమ్మ సంతకం పెట్టి పంపింది. ఇంగ్లీషు సెక్షన్‌కి మార్చమంటోంది. పిల్ల ఇంట్లో రోజూ ఏడుస్తోందట. సెక్షన్లు మారడానికి వచ్చే శుక్రవారం ఆఖరు రోజు, ఆ సాయంత్రం దీన్ని పై ఆఫీసుకి పంపించేయాలి."

జెలీ ఫారం చూసింది.

"చూడు జెలీ," అంది మార్లా గొంతు తగ్గించి. "ఓ ఐదు నిమిషాలు ఆ పిల్లని కూర్చోబెట్టి ఇంగ్లీషులో నాలుగు మంచి మాటలు చెప్పు. తలుపేసుకో. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ పిల్లకి తెలుస్తుంది."

"తెలిస్తే తెలిసింది! నీ నాటకం ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?"

జెలీకి ఆ మాట గుచ్చుకుంది. నాటకమని తను ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ రాత్రి పడుకోబోయే ముందు తనని తనే అడిగి చూసుకుంది, ఇంత మొండితనం పిల్ల కోసమా, ఇరవయ్యేళ్ల పేరు కోసమా అని. చివరికి సోమవారం పొద్దున్న టామ్‌సిన్‌తో ఇంగ్లీషులోనే మాట్లాడదామని నిర్ణయించుకుంది.

మధ్యలో శనివారం వచ్చింది. జెలీ ఇంట్లో కట్టెల పొయ్యి రెండు రోజులుగా పొగ కక్కుతోంది. తలుపు అంచు చుట్టూ ఉండే తెల్లటి మెత్తని తాడు పూర్తిగా చీకిపోయింది. కొత్తది కొనడానికి రేవు దగ్గర ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లింది. కౌంటరు దగ్గరికి వెళ్లి నోరు తెరవబోయింది, ఈలోగా వెనకనుంచి కోల్బీ గొంతు. వాడూ, ఇంకో కుర్రాడూ చేతుల్లో హాకీ కర్రలకి చుట్టే టేపుతో నిలబడి ఉన్నారు. మదామ్‌కి ఇంగ్లీషు వచ్చా రాదా అని క్లాసులో పందెం నడుస్తోందని జెలీకి తెలుసు. వాళ్ల కళ్లు చూస్తే తెలుస్తోంది, ఇవాళ పట్టుబడుతుందని వాళ్ల ఆశ.

కౌంటరులో కుర్రాడు ఒంటారియో నుంచి వచ్చి వారమైంది, ఊరి ఒప్పందం వాడికి తెలీదు. జెలీ చేతులతో తలుపు గీసింది, దాని చుట్టూ వేలు తిప్పింది, పొగ ఊదింది, దగ్గింది. వాడు లోపలికెళ్లి సిగరెట్టు లైటరు తెచ్చాడు. కాదంది. ఈసారి వల కట్టే పచ్చ తాడు చుట్ట తెచ్చాడు. అదీ కాదంది.

"మీకు! ఏం! కావాలి!" అని అరిచాడు వాడు. అరిస్తే అర్థమవుతుందని వాడి నమ్మకం.

కోల్బీ, రెండోవాడూ ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. జెలీ చెవులు వేడెక్కాయి. ఇక చాలు, చెప్పేద్దాం అనుకుంది.

"మదామ్."

పక్క వరసలోంచి టామ్‌సిన్ వచ్చి నిలబడింది. వెనకాల డ్వైట్, చేతుల్లో రెండు నారింజరంగు పెయింటు డబ్బాలు. సీజను మొదలయ్యేలోగా నీళ్లలో దించిన బోనులకి గుర్తుగా కట్టే తేలుడు బుడ్లకి రంగులు వేసుకునే రోజులవి.

"మదామ్," అంది టామ్‌సిన్ మళ్లీ, ఫ్రెంచిలో. ఒక్కో మాటా ఏరుకుంటోంది. "మీరు... కావాలి... ఏంటి?"

"నా పొయ్యి," అంది జెలీ నెమ్మదిగా. "దాని తలుపు. పొగ వస్తోంది."

"పొగ... ఇంటి లోపల?"

"ఇంటి లోపలే."

"తలుపు పాత?"

"తలుపు బాగానే ఉంది. దాని చుట్టూ ఉన్నది పాతది." జెలీ గాలిలో చతురస్రం గీసి, అంచు వెంట వేలు నడిపించింది.

టామ్‌సిన్ కనుబొమలు ముడిచింది. తరవాత మొహం విప్పారింది. "నా నానమ్మ! అదే పొయ్యి! తెలుపు, మెత్త!" కౌంటరు వైపు తిరిగి గడగడా ఇంగ్లీషులో చెప్పింది. "పొయ్యి తలుపు అంచుకి పెట్టే తాడండీ. తెల్లగా ఉంటుంది, నిప్పుకి కాలదు."

"అదా! ముందే చెప్పొచ్చుగా ఆవిడ!"

"ఆవిడకి ఇంగ్లీషు రాదు, మీకు ఫ్రెంచి రాదు. తప్పు ఆవిడొక్కదానిదేనా?" అంది టామ్‌సిన్.

వాడు ఎంత పొడవని అడిగాడు, టామ్‌సిన్ జెలీని అడిగింది, ఎనిమిది అడుగులని వాడికి చెప్పింది. అతికించడానికి జిగురు ఉందా అన్నాడు. జిగురుకి మాట తెలీక ఆ పిల్ల రెండరచేతులూ కలిపి నొక్కి, విడదీయలేక తంటాలు పడుతున్నట్టు చూపించింది. జెలీ ఆ మాట అందించింది. టామ్‌సిన్ రెండుసార్లు పలికి చూసుకుని, అదే మాటతో మళ్లీ మొదటినుంచి అడిగింది.

"లేదు. అదీ కావాలి," అంది జెలీ.

డ్వైట్ ఇదంతా రాయిలాంటి మొహంతో చూస్తున్నాడు. చిన్నప్పుడు ఏడో తరగతిలో ఇతనిది జెలీకి ముందు బెంచీ. ఆవిడకి ఇంగ్లీషులో ఎన్ని తిట్లొచ్చో కూడా ఇతనికి తెలుసు.

"మా అమ్మాయి లేకపోతే ఇవాళ మీ ఇల్లంతా పొగే కదండీ!" అన్నాడు గట్టిగా ఇంగ్లీషులో.

జెలీ అర్థం కానట్టు టామ్‌సిన్ వైపు తిరిగింది.

"నాన్న అంటున్నాడు, నేను లేకపోతే... మీ ఇల్లు... పొగ," అంది టామ్‌సిన్. చెంపలు ఎర్రబడ్డాయి.

"మీ నాన్నకి చెప్పు, నిజమేనని."

సోమవారం జెలీ టామ్‌సిన్‌ని విడిగా పిలవలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో మాట్లాడితే శనివారం ఆ పిల్ల పడ్డ కష్టాన్ని చేతులారా చెరిపేసినట్టే. అలాగని భయం పోలేదు. టామ్‌సిన్ సోమవారం మాట్లాడలేదు, మంగళవారం మాట్లాడలేదు. బుధవారం ఒక్కసారి చెయ్యెత్తి, మళ్లీ దించేసింది. శుక్రవారం మూడింటికి బడి వదిలాక జెలీ ఆఫీసు గదిలో కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడింది.

టామ్‌సిన్ వచ్చి మార్లా ముందు ఆగింది. "నా ఫారం వెనక్కి ఇచ్చేయండి."

"మీ అమ్మ చెప్పాలమ్మా."

మార్లా ఫోను చేసింది. తల్లి గొంతు గది అంతా వినపడింది. "దాని గొడవేంటో నాకు అర్థం కావడంలేదు. కన్నీళ్లు పెట్టుకుని రాయించింది అదే, ఇప్పుడు చించేయమంటోంది అదే. దాని ఇష్టమొచ్చినట్టు చేయండి!"

"ఏమైందే?" అని అడిగింది మార్లా ఫోను పెట్టేసి.

"అందర్లో నేనే తక్కువ అనుకున్నానండీ," అంది టామ్‌సిన్. "మొన్న కొట్లో కోల్బీ వాళ్లూ ఉన్నారు. రోజూ క్లాసులో తెగ మాట్లాడతారుగా. అక్కడ ఒక్కడూ ఫ్రెంచిలో నోరు విప్పలేదు."

అక్కడితో కష్టాలు తీరలేదు. నవంబరులో భిన్నాల దగ్గర ఆ పిల్ల పుస్తకం నేలకేసి కొట్టింది. సైన్సులో నూటికి యాభై నాలుగే వచ్చాయి. కానీ పరీక్ష కాగితంలో బొమ్మల కింద గీతల మీద ఇప్పుడు వాక్యాలుండేవి, వంకర టింకరగా.

సెలవులకి ముందు ఆఖరి రోజు, ఏటా చేసే అలవాటు ప్రకారం, జెలీ పుస్తకాలు సర్దుకుంటూ మామూలు గొంతుతో ఇంగ్లీషులో అంది: "పిల్లలూ, వెళ్లేముందు కుర్చీలు బల్లల మీదికి ఎక్కించండి."

క్లాసంతా ఒకటే గోల.

"నేను చెప్పలేదూ! తీయండి పందెం!"

"మదామ్, నేను మీ ముందే మీ గురించి ఎన్నెన్ని అన్నానో!" అని కోల్బీ నెత్తి పట్టుకున్నాడు.

"అన్నీ విన్నాను నాయనా," అంది జెలీ.

ఈ గోలలో టామ్‌సిన్ ఒక్కతే నింపాదిగా కుర్చీలు ఎక్కిస్తోంది. జెలీ ఆ పిల్ల దగ్గరికెళ్లి ఫ్రెంచిలో అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"మే నెలలోనే తెలుసు. మా పడవ దగ్గర లాబ్‌స్టర్లు చిన్నవని మీరు నాన్నతో పోట్లాడారు. ఇంగ్లీషులో. చాలా గట్టిగా."

"మరి కొట్లో ఎందుకు వచ్చావు?"

"కోల్బీ వాళ్లు మీ వెనకే ఉన్నారు కదా," అంది టామ్‌సిన్. ఇంకో కుర్చీ ఎత్తింది. "పైగా ఆ మాటలు నాకు వచ్చు."

టామ్‌సిన్ అదే బడిలో, అదే సెక్షన్లో తొమ్మిదో తరగతి ముగించి ఇప్పుడు పదో తరగతికి వెళ్లబోతోంది. లెక్కల్లో ఇంకా కొట్టుమిట్టాడుతూనే ఉంది. జెలీకి యాభై ఎనిమిదేళ్లు, రిటైరవడానికి రెండేళ్లుంది. ఈ ఏడు ఆవిడ ఏడో తరగతిలో పంతొమ్మిది మంది ఉన్నారు.