పదివేల ఏడు పలకలు

1991లో, గల్ఫ్ యుద్ధం ఆగిన కొత్తలో, నన్ను సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక అతిథిగృహం పనికి టైల్స్ ఫోర్‌మన్‌గా వేశారు. పరవడం మేస్త్రీల పని, లెక్కా కొలతా ఫోర్‌మన్ పని. ఆ ఇంటి యజమానే మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీదారు. పని తేల్చినవాణ్ణి సీనియర్ ఫోర్‌మన్‌గా జెద్దాకు పంపుతానన్నాడు. పోటీలో ఇద్దరమే: జగిత్యాల నుంచి నేను, కాకినాడ నుంచి సూర్యం.

సూర్యం గణితంలో డిగ్రీ చదివాడు. కఫీల్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గాహ్వా పోసేవాడు. నన్ను ఎండలో నిలబెట్టే మాట్లాడేవాడు. ఆ కాఫీ వాసనకే నా కడుపు మండేది.

ముంగిలికి తెప్పించిన పాలరాయి ఎంత తెలుపంటే, ఈగ వాలితే దాని నీడ కూడా తెల్లగానే పడేది. నమ్మనివాళ్లు నమ్మకండి. మరో ఓడ వచ్చే ఆశ లేదు. కఫీల్ దగ్గరుండి లెక్కపెట్టించాడు: పదివేల ఏడు పలకలు. నిండు దీర్ఘచతురస్రం రావాలి, ఒక్కటీ కోయకూడదు, ఒక్కటీ మిగలకూడదు అన్నాడు. మిగిలితే మేం ఎత్తుకుపోతామని అనుమానం.

సూర్యం సాయంత్రానికల్లా తేల్చాడు. అది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు. వంద లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలట. రెండు వైపులూ వంద దాటితే లబ్ధం పదివేల ఏడును మించిపోతుంది. కాబట్టి ఒకే వరుసలో బారుగా పరచాల్సిందే. కఫీల్ నోరు తెరుచుకుని విని, ఇంకో కప్పు పోశాడు.

ఆ రెండో కప్పు నేను ఓర్చుకోలేకపోయాను.

"గింతదానికి గంత లెక్కెందుకు సూర్యం? ఒకటి తీసేస్తే అయిపాయె!" అని అందరి ముందూ ఒక పలకను నేలకేసి కొట్టాను. "ఇగ జెప్పు, ఇప్పుడు గూడ ప్రధానమేనా?"

"కాదు అన్నగారూ, రెండుతో తెగుతుందండి. రెండు వరుసలు, వరుసకి ఐదువేల మూడు. ఆ ఐదువేల మూడు మళ్లీ ప్రధానమే. మీరేసేది ముంగిలి కాదండీ, పక్క ఊరు అభా దాకా రోడ్డు."

మేస్త్రీలు నవ్వారు. సూర్యం అదే అరబ్బీలో కఫీల్‌కు చెప్పి, ఒకటి కలిపి ఉంటే సరిపోయేదన్నాడు. పదివేల ఎనిమిదైతే వరుసకు నూటముప్పై తొమ్మిది చొప్పున డెబ్బై రెండు వరుసలు. నా పుణ్యమా అని ఇప్పుడు రెండు కావాలి. ఒకటి కఫీల్ బల్ల మీదే ఉంది, గాహ్వా కూజా కింద, లెక్కలో చేరని నమూనాగా. మరి రెండోది?

సూర్యం నా వైపు తిరిగాడు. ప్రతి శుక్రవారం నా గదిలో భోంచేసేది అతనే.

"అన్నగారూ, మీరు జొన్నరొట్టెలు కొట్టే పలక భలే తెల్లగా ఉంటుందండి!"

"అది గూడ నమూనానే," అన్నాను.

ముంగిలి నిండుగా వచ్చింది. జెద్దాకు సూర్యం వెళ్లాడు. నేను ఖమీస్‌లోనే రిటైరయ్యాను.

ఈ పనిలో నేర్చుకున్నవి రెండు. పెద్ద ప్రధాన సంఖ్యకు ఒకటి తగ్గినా పెరిగినా సరిసంఖ్యే వస్తుంది, కానీ రెండూ ఒకేలా తెగవు. పగలగొట్టేముందే భాగించి చూసుకోవాలి. రెండోది, లెక్క తెలిసినవాణ్ణి శుక్రవారం భోజనానికి పిలవకూడదు.