ఆగడం నేర్పేవాళ్లం

మాట రాని పిల్లలకు మాట నేర్పేవాళ్లను తయారు చేయడం నా ఉద్యోగం. ఈ సంగతి చెప్పగానే బంధువులు, నేను అక్కడికక్కడే ఏదో మాట్లాడి చూపిస్తానేమో అన్నట్టు చూస్తారు. మహబూబ్‌నగర్‌లో మా అమ్మయితే, దాని నోరు ఎట్లాగూ ఊరుకోదు కనుకే ఆ పని దొరికిందని ఇరుగుపొరుగుతో అంటుంది. నిజానికి నేను నేర్పే మొదటి పాఠం నోరు మూసుకోవడం. ఆ తర్వాతిది చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నల్గొండలో ఒక బడి వెనక గదిలో ఈ శిక్షణ మొదలైంది. వారానికోసారి హైదరాబాదు నుంచి బస్సులో వెళ్లేదాన్ని. గదిలో ఒక చాప, బొమ్మలున్న ప్లాస్టిక్ బుట్ట, తిరిగితే గరగరలాడే ఫ్యాను. ఫ్యాను వేస్తే పిల్లలు చేసే చిన్న చిన్న చప్పుళ్లు వినిపించవు. ఆపితే మేం ఉడికిపోతాం. అయినా ఆపించేదాన్ని. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు లోపల్లోపల తిట్టుకునేవాళ్లు. తిట్టుకోనీ అని ఊరుకునేదాన్ని.

వాళ్లలో ఒకమ్మాయి చిట్యాల నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకు హైవే పక్కన టైలరు దుకాణం ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ గలగలా మాట్లాడేది. చదువులో చురుకైన పిల్లే కానీ ఆగడం ఆమె వల్ల అయ్యేది కాదు. పిల్లలు బొమ్మ వైపు చూడటమే ఆలస్యం, చేతికి అందించేసేది. వాళ్లు నోరు తెరిచేలోపు "బంతి కావాలా, ఇగో బంతి, ఎర్ర బంతి" అని తనే మొత్తం ముగించేది. అడిగే పని కూడా నువ్వే చేస్తే ఇక పిల్లకేం మిగిలిందని కసిరేదాన్ని. పాపం అనిపిస్తుంది మేడం అనేది. పాపం అనిపించిన చోటే మన పని చెడిపోతుందని చెప్పి, ఆమె చేతులు తొడల కిందికి పెట్టించేదాన్ని.

ఒక చలికాలం పొద్దున, ఊరి బస్సు దిగి ఒక అవ్వ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. చంకనెక్కే వయసు దాటిపోయిన పిల్ల. కాళ్లు అవ్వ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. వాళ్లది గొర్లు కాసే కుటుంబం. చెవులు వినిపిస్తాయని దవాఖానలో చూసి చెప్పారట. మాట మాత్రం లేదు. కావలసింది వేలు పెట్టి చూపించడం కూడా రాదు. ఏడుస్తుంది, తలను నేలకేసి కొట్టుకుంటుంది. ఆ ఏడుపులో ఏది ఆకలో, ఏది నిద్రో, ఏది దాహమో అవ్వ ఒక్కదానికే తెలుసు. తల్లికి కూడా పూర్తిగా తెలియదు, ఎందుకంటే ఏడాదిలో సగం రోజులు ఆమె భర్తతో కలిసి మంద వెంట తిరుగుతుంది.

మేం అడగాల్సిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టి అవ్వే తాను వచ్చిన పని చెప్పింది. "నేనున్నన్ని దినాలు దీని నోరు నేనే బిడ్డా. నేను పోయినంక దీనికి దూపైతే ఎవరికి ఎర్కైతది? గది జర చూడున్రి." మా వైపు దాహాన్ని దూప అంటారు. మాటలు రావాలని, బడికి పోవాలని, పద్యాలు చెప్పాలని అడిగే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఇంత చిన్న కోరిక ఎవరూ కోరలేదు. ఇది మా చేతనవుతుందని నాకు నమ్మకం కలిగింది. ఆ పిల్లను చిట్యాల అమ్మాయికి అప్పగించాను.

నీళ్లతోనే మొదలుపెట్టాం. అవ్వ సంచిలో ఒక నీళ్ల సీసా, ఒక చిన్న స్టీలు గ్లాసు ఎప్పుడూ ఉండేవి. పిల్ల పెదవి తడుపుకోకముందే అవ్వ గ్లాసు నింపి నోటికి పెట్టేది. అది మానాలన్నాం. సీసా అవ్వ ఒడిలో పిల్లకు కనిపించేట్టు ఉండాలి. ఖాళీ గ్లాసు పిల్ల దగ్గర ఉండాలి. అవ్వ ఏమీ అనకుండా చెయ్యి చాచి ఆగాలి. పిల్ల నీళ్ల కోసం కదలగానే వెనక కూర్చున్న చిట్యాల అమ్మాయి ఆ పిల్ల చేయి పట్టి గ్లాసును అవ్వ చేతిలో పెట్టిస్తుంది. ఆ క్షణమే అవ్వ "నీళ్లా" అంటూ పోసి ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ వెనకనుంచి పట్టే చేయి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

రాసుకుంటే ఇంతే. చేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దాహమైన పిల్లను కూర్చోబెట్టి చూస్తూ ఉండటం అవ్వకు ఘోరంగా తోచింది. "మీ సదువు గిదేనా, నీళ్లు ముంగట పెట్టి పోరిని సతాయించుడు?" అని నా మొహం మీదే అడిగింది. ఆమె చేతులు ఆమె మాట వినేవి కావు, వాటంతటవే గ్లాసు మీదికి పోయేవి. చివరికి చిట్యాల అమ్మాయే నవ్వి, నేనూ ఇంతే అవ్వా, మేడం నాకు చేసిన వైద్యం నీకూ చేస్తానని, ఆమె ఎడమ చేతిని తొడ కింద పెట్టించింది. తన చేతిని పిల్ల భుజం వెనక అదుపులో పెట్టుకుంది. ఇద్దరూ పళ్లు బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. ఆగడం చేతకానివాళ్లిద్దరూ ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒకనాడు ఎవరి చేయీ పట్టకుండానే పిల్ల లేచింది. గ్లాసు తీసుకుంది. అవ్వ ముందుకు వెళ్లి, దాన్ని చేతిలో పెట్టి, ఏడవకుండా నిలబడింది. అవ్వ నీళ్లు పోస్తూ సగం చాప మీద ఒలికించింది. "నన్నడిగింది" అంది. ఆ పూట ఎవరు కనిపిస్తే వాళ్లతో, బడి వాచ్‌మన్‌తో కూడా, అదే చెప్పుకుంది. చిట్యాల అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంటే, ఇప్పుడే ఏమైందని నేను గదమాయించాను. నేనూ లోపల పొంగిపోతూనే ఉన్నాను.

ఇప్పుడే ఏమైందన్నది మాత్రం కోపంతో అన్నది కాదు. ఇలాంటి పిల్లలు ఒకరితో నేర్చుకున్నది ఆ ఒక్కరితోనే ఆగిపోవచ్చు. ఒకసారి అవ్వకు బదులు చిట్యాల అమ్మాయి సీసా పట్టుకుని కూర్చుంది. పిల్ల ఆమె చాచిన చేతిని దాటుకుని వెళ్లి గోడ వారగా కూర్చున్న అవ్వకే గ్లాసు ఇచ్చింది. కాబట్టి తరువాతి పని తల్లికి నేర్పడం, ఆ తర్వాత తండ్రికి, ఆ తర్వాత ఊళ్లో వాళ్లకు. కానీ తల్లిదండ్రులు అప్పటికే గొర్లను తోలుకుని కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయారు. ఊళ్లో గడ్డి లేదు, చెరువులో నీళ్లు లేవు. పిల్ల కోసం మంద ఆగదు. వానలు పడి వాళ్లు తిరిగొచ్చాక తల్లిని తీసుకొస్తానని అవ్వ మాట ఇచ్చింది. ఈలోగా బడికి వేసవి సెలవులు వచ్చాయి, బడి గేటుకు తాళం పడింది, దాంతో మా గదికీ పడింది. మాట రాని పిల్లలకు సెలవులేమిటని అడగని ఆఫీసు లేదు. అందరూ మర్యాదగా కుర్చీ చూపించి పంపించారు.

తలుపు తెరిచాక అవ్వ రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. ఆమెకు ఫోన్ లేదు. కొడుకు నంబరుకు చేస్తే అందుబాటులో లేదనే గొంతే వినిపించేది. వానలు బాగా పట్టిన తర్వాత ఒకరోజు, అదే సంచి భుజాన వేసుకుని తల్లి వచ్చింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని నడిచి వచ్చింది. అవ్వ ఎండల్లోనే పోయింది. ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. కబురు అందుకుని వీళ్లు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చేసరికి ఊరివాళ్లు శవం దగ్గర ఎదురు చూస్తున్నారట.

పిల్ల ఎలా ఉందని అడిగాను. తల్లి మొహంలో అప్పుడు కొంచెం వెలుగొచ్చింది. ముందు చాలా ఏడ్చిందట, అవ్వ కోసం. పిట్టకు పెట్టిన రోజు, అంటే పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూసే రోజు, పిల్ల తన స్టీలు గ్లాసు తెచ్చి ఆ ఆకు పక్కన పెట్టిందట. ఖాళీ గ్లాసు. ఎవరో అందులో నీళ్లు పోశారు. అంతలోనే కాకి వచ్చి ముట్టింది. చూసినవాళ్లంతా కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నోరు లేకపోయినా మనవరాలికి ఎంత ప్రేమ అని. అవ్వ ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి గోడకు పెట్టారు. అప్పటి నుంచి పిల్ల రోజూ ఆ ఫొటో కిందికే గ్లాసు తెస్తుంది.

"మా అత్తకు నీళ్లు పెడ్తది మేడం. నేను పోసి దండం పెడ్త, మాపటికి తీసి చెట్టుకు పోస్త. ముందుగాల పోరి ఆ నీళ్లు గుంజుకోవాలని చూసి ఏడ్సేది. అవ్వ తాగనీ బిడ్డా అని చేయి పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఏడుస్తలేదు. మంచిగైంది కదా?"

చిట్యాల అమ్మాయి నా వైపు చూసింది. అన్నంతోపాటు తల్లి నీళ్లు తాగిస్తూనే ఉంటుంది, పిల్ల ప్రాణానికేం భయం లేదు. కానీ అన్ని నెలలు కష్టపడి నేర్చుకున్న ఒకే ఒక్క మాటను ఆ పిల్ల రోజూ ఆ ఫొటోకు చెబుతోంది. దానికి ఇల్లంతా చేతులు జోడించి, నీళ్లు నింపి, పిల్లకు ఇవ్వకుండా చెట్టుకు పోసేస్తోంది. ఎవరిని తిట్టను? నా నోటికి ఆ రోజు ఎవరూ దొరకలేదు.

మేం మాట్లాడుతుండగానే పిల్ల సంచిలోంచి గ్లాసు తీసింది. గోడ వారగా, అవ్వ ఎప్పుడూ కూర్చునే చోట, ఖాళీ చాప మీద పెట్టింది. దాని ఎదురుగా కూర్చుంది. చూశారా అన్నట్టు తల్లి నా వైపు తిరిగి, సీసా మూత తీసి, గ్లాసు నింపి, దండం పెట్టింది. పిల్ల నీళ్ల వైపు చూస్తోంది. చేయి మాత్రం చాచడం లేదు.

చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని నిజంగా అనిపించింది. ఆ తల్లికి దొరికిన ఓదార్పు అదొక్కటే.

"ఆ నీళ్లు అవ్వకు కాదమ్మా" అన్నాను. "బిడ్డకు దూపైతుంది. గట్ల అడుగుతాంది."

తల్లి గ్లాసు తీసి పిల్ల నోటికి పెట్టింది. పిల్ల మధ్యలో ఊపిరి తీసుకోకుండా అడుగుదాకా తాగేసింది.

"అయితే గిన్ని దినాలు..." అంటూ తల్లి ఖాళీ గ్లాసును పిల్ల ముందు పెట్టింది.

చిట్యాల అమ్మాయే ముందు తేరుకుంది. తల్లిని లేపి, అవ్వ చోట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టింది. సీసా ఒడిలో పెట్టింది. చేయి చాచమంది, ఏమీ అనకుండా ఆగమంది. ఒక చేతిని తొడ కింద పెట్టించింది. తను వెళ్లి పిల్ల వెనక కూర్చుంది. నేను కూడా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను ఆపేశాం.

చాలాసేపటికి పిల్ల లేచింది. గ్లాసు తీసుకుని తల్లి దాకా వచ్చింది. తల్లి చేయి చాచే ఉంచింది. మా అమ్మాయి వెనకనుంచి పిల్ల మణికట్టు పట్టుకుని ఆ చేతి మీదికి తీసుకెళ్లబోయింది. పిల్ల విదిలించుకుంది. తల్లిని దాటి, పక్కన ఇంకా ఖాళీగా ఉన్న చాప మీద గ్లాసు పెట్టి, మేం నేర్పినట్టే, ఏడవకుండా, ఎదురుచూస్తూ కూర్చుంది.