వాగు అవతలికి వినిపించిన మైకు

సర్వర్ మామూ మైకు పట్టాడంటే ములకలపల్లి అడవిలో ఎలుగుబంట్లు కూడా పోలింగ్ బూత్ ముందు లైను కట్టేవి. నమ్మనివాళ్లు వెళ్లి ఎలుగుబంట్లనే అడగండి. నేను కళ్లారా చూశాను. బడి మానేసి ఆయన ఆటోలో తిరిగినవాణ్ని, నా మాట కాదనేంత చదువు మా మండలంలో ఎవరికీ లేదు.

సర్వర్‌ది దమ్మపేటలో గాజుల దుకాణం. ఎన్నికలొస్తే దుకాణం భార్య షాకేరాకు వదిలి, ఆటోకు మైకు కట్టేవాడు. ఏ పార్టీకైనా ఆ గొంతే కావాలి. పొద్దున ఒక కండువా, మధ్యాహ్నం ఇంకొకటి. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నిన్న ఎవరి పెళ్లికి వాయించావని బ్యాండువాణ్ని అడుగుతామా?

పాత నియోజకవర్గానికి చివరిసారి ఎన్నికలు జరిగినప్పటి మాట. వాగవతల కోయగూడెం వాళ్లు వానాకాలం బాధ పడలేక ఇవతలికి మారిపోదామని రోడ్డు పక్కన జాగా చూసుకున్నారు. అభ్యర్థి సర్వర్‌కు చెప్పింది ఒక్కటే: "వంతెన సంగతి చూస్తమను, చాలు." సంతల్లో గాజులమ్మి కోయమాట నేర్చినవాడు సర్వర్. గూడెమంతా చుట్టూ చేరేసరికి ఊపు ఆగక, వాళ్ల మాటలోనే సొంతంగా ఒక ముక్క కలిపాడు: వంతెన వస్తుంది, ఊరు కదలకండి.

అంతకుముందు ఏ పార్టీ మైకూ వాళ్ల మాటలో మాట్లాడలేదు. కట్టుకున్న మూటలు విప్పేశారు.

అభ్యర్థి గెలిచాడు. తర్వాత నియోజకవర్గాల గీతలు మార్చారు. వాగుకు ఇటు ఒక నియోజకవర్గం, అటు ఇంకొకటి. రెండు సీట్లూ గిరిజనులకే రిజర్వయ్యాయని గూడెం సంబరపడింది. వంతెన అడిగితే ఇటువాళ్లు అటు చూపించారు, అటువాళ్లు ఇటు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది. రోడ్డు పక్క జాగాలో వేరేవాళ్ల ఇళ్లు లేచాయి.

కొన్నేళ్ల కింద వానల్లో ఆ గూడెం భారతమ్మను పాము కరిచింది. మంచం మీద మోసుకొచ్చి, వాగు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారు. దవాఖానాలో ప్రాణం నిలిచింది గాని, కాలు తీసేశారు.

ఆ కబురు విన్నాక సర్వర్ మళ్లీ మైకు పట్టలేదు. మొన్నటి ఎన్నికల్లో పార్టీలవాళ్లు వచ్చి దుకాణం ముందు కూర్చున్నా లేవలేదు. అప్పుడప్పుడు వాగు దాటి ఆమెను చూసొస్తాడు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను.

గుమ్మంలో కూర్చున్న భారతమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏంది సర్వర్ భాయ్, లుంగీ గిట్ల తడిసింది? వంతెన మీదికెళ్లి రాలే?"

సర్వర్ వంగి లుంగీ అంచు పిండుకున్నాడు. ఆయన పరువు నిలబెడదామని నేనే అందుకున్నాను. "గట్లంటవేంది అవ్వా? ఎంతమందిని ఎమ్మెల్యేలను చేసిండో ఎరికేనా ఈయన?"

"అవ్, చేసిండు. వాళ్లను మోసిన గొంతు నన్ను జర వాగు దాటించకపాయె."

"ఇప్పుడా గొంతు పోయింది గానీ, లేకుంటేనా..."

సర్వర్ నా వైపు చూడకుండానే అన్నాడు: "గొంతు మంచిగనే ఉంది. ఎమ్మెల్యేలు వాళ్లంతట వాళ్లే గెల్చిండ్రు. నేను చేసింది, ఈమెను ఈడనే ఉండమనుడు."