మిరపకాయల్లో పోయిన చక్రం

గుంటూరు జిల్లా మొత్తం మీద బొమ్మ క్రేనుతో మిరప టిక్కీని మిద్దె మీదికి ఎత్తిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. టిక్కీ అంటే తెలుసుగా, గోనెసంచిలో ఎండు మిరపకాయలు తొక్కి తొక్కి నింపి మూతి కుట్టేది. యార్డులో హమాలీ దాన్ని వీపు మీదికి ఎక్కించుకోవాలంటే పక్కన ఇంకొకడు చెయ్యి వెయ్యాలి. ఈ ముక్క మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక మా అల్లుడితో చెప్పాను. అడక్కుండా ఎందుకు చెప్పావంటారేమో. సరిగ్గా ఆ నిమిషానే ఆయనగారి ఓడ ఊడిపోయిన సంగతి బయటపడింది. ఏదో ఒకటి మాట్లాడక తప్పలేదు.

ఓడ సంగతి చెప్పాలి ముందు. మా అల్లుడికి నలభై నాలుగేళ్లు, బ్యాంకులో ఆఫీసరు, నెత్తి మీద వెంట్రుకలకంటే బాధ్యతలు ఎక్కువున్న మనిషి. ఆయన ఒక పెట్టె కొనుక్కొచ్చాడు, బియ్యం బస్తా అంత ఉంది. నిండా ప్లాస్టిక్ ముక్కలు, ఒకదానికొకటి నొక్కితే అతుక్కునేవి. ఏడేళ్ల మనవరాలికి కాబోలనుకుని మురిసిపోయాను. కళ్లజోడు తుడుచుకుని చూస్తే పెట్టె మీద పద్దెనిమిదేళ్లు నిండినవారికి అని రాసుంది. సినిమాల మీద అలా రాయడం చూశానుగానీ బొమ్మల మీద చూడటం అదే మొదలు. లోపల ముక్కలకి అంకెలు వేసిన సంచులు, పాటల పుస్తకమంత లావు పుస్తకం, అందులో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా బొమ్మలు. నాలుగు ఆదివారాలు కూర్చుని కట్టాడు. ఇలాంటి పెద్దమనుషులు ఊరూరా ఉన్నారట, ఫోన్లో ఒక గుంపుగా చేరి ఒకరి ఓడని ఒకరు మెచ్చుకుంటారట. మా అమ్మాయి వచ్చినవాళ్లందరికీ ఆయన హాబీ అని గొప్పగా చెబుతుంది. కట్టడం అయ్యాక ఓడ వెళ్లి అద్దాల బీరువాలో కూర్చుంది. దానికి తాళం. నేను దగ్గరికెళ్లి చూస్తుంటే మనవరాలు నా పంచె పట్టుకుని లాగి, "తాతయ్యా, అది నాన్నది, ముట్టుకోకూడదు" అంది.

ఆ మాట నాకెక్కడ తగలాలో అక్కడ తగిలింది. తాళంచెవి ఫ్రిజ్ మీద ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం వాళ్లు బజారుకెళ్లినప్పుడు నేనూ మనవరాలూ కలిసి ఆ ఓడ తెరచాపలూ తాళ్లూ గిలకలూ ఊడదీసి, ఉప్పు డబ్బాని నేల మీంచి డైనింగ్ టేబుల్ మీదికి ఎత్తే యంత్రం ఒకటి కట్టాం. పుస్తకం తెరవలేదు. ఉప్పు సగం ఒలికిందిగానీ డబ్బా మాత్రం పైకొచ్చింది. మిగిలిన ఓడని బీరువాలో వెనక్కి తిప్పి పెట్టాం. మర్నాడు మా అల్లుడు చూశాడు. ఎవరు తీశారంటూ కూతురి వైపు తిరిగాడు. నేను కుర్చీలోంచి లేచి నేనే అన్నాను. పాపం మంచివాడు, గట్టిగా ఏమీ అనలేదు, "నాలుగు ఆదివారాలండీ మావయ్యగారూ" అని మాత్రం అన్నాడు. అప్పుడు చెప్పాను టిక్కీ సంగతి. మూల కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తి నన్నొకసారి చూసి మళ్లీ వెల్లుల్లిలో పడింది.

నాకేం సిగ్గులేదు. వయసొచ్చినవాడు ఆడుకోవాలంటే పెట్టె మీద అనుమతి రాసుండాలా? హాబీ అని ఒక మర్యాద పేరు తగిలిస్తేనే అది పెద్దల పనవుతుందా? నేను ఏ పేరూ తగిలించకుండా, ఎవరి అనుమతీ లేకుండా ఇరవై తొమ్మిదేళ్లప్పుడే ఆడుకున్నాను. దాని ఖరీదూ చెల్లించాను.

అది ఎనభైల మొదట్లో. నల్లపాడు దాటి మట్టిరోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళితే వచ్చే ఊరు, అటు పత్తి, ఇటు మిరప. అక్కడ మిషన్ బడిలో నేను సైన్సు మాస్టారిని. మా ఆవిడ అదే బడిలో చిన్నక్లాసుల టీచరు. ఇద్దరివీ ఇంకా ఖాయం కాని ఉద్యోగాలే. మా పిల్లలు చాలామంది కూలి ఇళ్లవాళ్లు. మిరపకోతల రోజుల్లో సగం బడి చేలల్లో ఉండేది. తిరిగొచ్చినవాళ్ల చేతులు మంట, పలక పట్టుకున్నా మంటే, కళ్లు నులుముకుంటే ఇంక ఆ పూట పాఠం లేదు.

ఆ పిల్లలు కట్టేవి చూడాలి మీరు. జొన్నదంటు పళ్లతో చీల్చి బెరడు ఒలిచేవాళ్లు, పెదవులు కోసుకుపోయేవి. లోపల తెల్లటి బెండు. ఆ బెండుని ముక్కలుగా విరిచి, బెరడు ఈనెలతో గుచ్చి గుచ్చి బండి కట్టేవాళ్లు, ఎద్దులు, కాడి, నాగలి, ఒంగోలు బస్సు, బస్సు మీద కోడిపెట్టల గంప సహా. ఈనె దిగకపోతే తుమ్మముల్లు. ఎద్దుకి మూడు కాళ్లే వస్తే అది కుంటెద్దు, అంతే, విప్పి మళ్లీ కట్టడం లేదు. పుస్తకమూ లేదు, అంకెలూ లేవు. సాయంత్రం గేదె వచ్చి బండినీ ఎద్దుల్నీ కలిపి నమిలేసేది. మర్నాడు ఇంకో బండి. ఆ పోయిన బండి కోసం ఒక్కడు ఏడవగా నేను చూడలేదు.

అలాంటి బడికి ఒకరోజు సముద్రాల అవతల నుంచి పార్సిలొచ్చింది. పాత కోట్లు, రంగు పెన్సిళ్లు, వాటి మధ్య ఒక చెక్కపెట్టె. తెరిస్తే వరసగా చిల్లులున్న ఇనపపట్టీలు, ఎర్రవి, ఆకుపచ్చవి. ఇత్తడి చక్రాలు, బోల్టులు, నట్లు, చిటికెన వేలంత స్పానరు. మూత లోపల ఏవేవి ఎన్నెన్ని ఉన్నాయో కాగితం అంటించి ఉంది. మా హెడ్మాస్టరుగారు దాన్ని చూసి దణ్ణం పెట్టినంత పని చేశారు. చేసి, సైన్సు గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. "పిల్లలు పారేస్తారు. పోతే మళ్లీ ఎవరిస్తారు?" అన్నారు. చెడ్డమనిషి కాదు. వచ్చిన మంచి వస్తువుని వాడకుండా దాచడమే దానికి మనమిచ్చే గౌరవమని నమ్మిన తరం. పిల్లలు విరామంలో వరస కట్టి అద్దానికి ముక్కులానించి చూసేవాళ్లు. బడి ఊడ్చే అక్క పొద్దున్నే వచ్చి ఆ ముక్కుల గుర్తులన్నీ తడిగుడ్డతో తుడిచేది.

బీరువా తాళం నా దగ్గరుండేది. రెండు నెలలు ఓర్చుకున్నాను. నిజానికి రెండు వారాలే. ఒక శనివారం ఆ పెట్టెని సంచిలో వేసుకుని, పైన వంకాయలు కప్పి ఇంటికి తెచ్చాను. మేముండేది అద్దెకి, మిద్దె మీద ఇంటివాళ్లవీ మావీ మిరపకాయలు ఎండుతున్నాయి. ఎండ, ఘాటు, ఎర్రటి ఎరుపు, నాలుగుసార్లు తుమ్మితే ఒక బోల్టు బిగిసేది. సాయంత్రానికి క్రేను నిలబడింది. దాంతోనే టిక్కీ ఎత్తాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. టిక్కీ కాదు. బుట్ట. సరే, బుట్ట కూడా కాదు, నా చేతిరుమాలు, అందులో గుప్పెడు కాయలు. మిద్దె మీదికీ కాదు, మిద్దె మీంచి పిట్టగోడ మీదికి, జానెడు. కానీ ఎత్తింది. ఆ జానెడు ఎత్తులో నాకు కలిగిన సంతోషం మాత్రం టిక్కీ బరువుంది, అందులో గ్రాము తగ్గించను. రెండోసారి ఎత్తబోతే పైనున్న ఇత్తడి చక్రం ఊడి మిరపకాయల్లో పడింది. మోచేతుల దాకా దూర్చి చీకటి పడేదాకా వెతికాను. దొరకలేదు. మా ఆవిడ పైకొచ్చి ఎందుకేడుస్తున్నారంది. మంటకి అన్నాను. అది అబద్ధం కాదుగానీ పూర్తి నిజమూ కాదు.

సోమవారం పెట్టెని చక్రం లేకుండానే బీరువాలో పెట్టేశాను. ఎవరు లెక్కపెడతారులే అనుకున్నాను. ఆ శుక్రవారం మిషన్ పెద్దలు బడి చూడటానికి వస్తున్నారని, వాళ్లకి ఆ పెట్టె చూపించాలని హెడ్మాస్టరుగారు బుధవారం దాన్ని తీసి, మూతలో కాగితం చూస్తూ ఒక్కొక్కటే సరిచూశారు. చక్రం ఒకటి లేదు. మాస్టార్ల మీద అనుమానమా? మాస్టార్లు పెద్దవాళ్లు, బొమ్మ చక్రంతో వాళ్లకేం పని? బీరువా తుడిచేది అక్క, తాళం నా సొరుగులో ఉంటుందని తెలిసిందీ అక్కకే. ఇంట్లో చిన్నపిల్లలున్నది అక్కకే. ఆయన బుర్ర ఆ దారినే వెళ్లింది, మనందరి బుర్రలూ ఆ దారినే వెళతాయి. పెద్దల ముందు సంగతి చెప్పి సోమవారం నుంచి మానిపిస్తానన్నారు. ఆవిడ చీపురు కింద పెట్టి నిలబడి, "ఆ ఇనప చక్రం నాకేం కూడు పెట్టిద్దయ్యా?" అంది. అది ఇత్తడిదని నాకు తెలుసు. నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదో కూడా చెబుతాను. శుక్రవారం వచ్చే ఆ పెద్దలే మా ఉద్యోగాలు ఖాయం చేసేది. దొంగతనమైతే ఏదోలా సర్దుకోవచ్చేమో. మీసాలొచ్చిన మాస్టారు మిద్దె మీద బొమ్మలాడుకున్నాడంటే ఊరు తలెత్తుకోనివ్వదు. ఆ రెండు రోజులూ నాకు అన్నం దిగలేదు. దిగకపోయినా ఆవిడకి ఒరిగిందేమీ లేదు, అదీ తెలుసు.

గురువారం సాయంత్రం మా ఆవిడ మిద్దె మీది కాయలు రోట్లో వేసి దంచుతుంటే రోకలి కింద ఏదో ఠంగుమంది. కారం జల్లెడ పడితే పైన చక్రం మిగిలింది, కొద్దిగా సొట్టపోయి, ఎర్రగా. మా ఆవిడ దాన్ని కొంగుతో పట్టి పైకి తీసింది. ఆ చక్రం నా జేబులోకి వచ్చింది.

శుక్రవారం. బల్లకి అటు ముగ్గురు పెద్దలు, ఇటు మేమంతా, గుమ్మం దగ్గర అక్క, తల మీద కొంగుతో. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని చక్రం పోయిన సంగతి మొదలుపెట్టారు. ఆవిడ పేరు నోట్లోంచి రాబోతుండగా నేను లేచాను. జేబులోంచి చక్రం తీసి బల్ల మీద పెట్టి, "దీంతో ఆడుకుంది నేను. ఆవిడకేం తెలీదు" అన్నాను. మధ్యలో కూర్చున్న ముసలి పెద్దాయన చక్రాన్ని చేతిలోకి తీసుకుని, తన రుమాలుతో తుడిచి, అదే రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. అంతే, కళ్లవెంట ధారలు. నా పశ్చాత్తాపానికి ఆయన కరిగిపోయారని హెడ్మాస్టరుగారు ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రార్థనకూటాల్లో చెప్పారు. కారమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

అక్క ఉద్యోగం నిలబడింది. ఆ ఏడు మా ఆవిడ ఉద్యోగం ఖాయమైంది, నాది కాలేదు, ఇంకో మూడేళ్లు పట్టింది. పిల్లలు నన్ను క్రేను మాస్టారనడం మొదలుపెట్టారు. నాకది బిరుదు. బీరువా తాళం హెడ్మాస్టరుగారు నా దగ్గర్నుంచి లాక్కుని, నీకైతే దాని మీద ఆశ లేదుగా అంటూ అక్క చేతిలో పెట్టారు. ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదే, తెలియక చేశారు. తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం అక్క బీరువా తెరిచి, చాప పరిచి, ఆ పెట్టెని దాని మీద బోర్లించి పిల్లల్ని పిలిచింది. ఆయన పరుగున వచ్చి ఇదేమిటని కేకలేస్తే, "తాళం నాకిచ్చారు గదయ్యా" అంది. ప్రతి శుక్రవారం అదే వరస.

రెండేళ్లలో ఆ పెట్టె ఖాళీ అయిపోయింది. ఒక పట్టీ కోళ్లగూటికి గొళ్లెమైంది, బోల్టులు పలకల చట్రాల్లోకి పోయాయి, స్పానరు ఏ బావిలో పడిందో. ఇత్తడి చక్రాలు జొన్నబెండు బండ్లకి ఎక్కాయి. గేదె బండిని తినేసి చక్రాలు వదిలేస్తే మర్నాడు వాటికే కొత్త బండి. పోగొట్టేశారని హెడ్మాస్టరుగారు చివరిదాకా బాధపడ్డారు. పోలేదయ్యా, అయిపోయింది. అన్నం అయిపోయినట్టు. బొమ్మ అలాగే అయిపోవాలి. మా అల్లుడి ఓడ ఎప్పటికీ అయిపోదు, దుమ్ము పడుతుంది. వారం వారం ఆయనే మెత్తటి బ్రష్షుతో దులుపుతాడు. అప్పుడు పిల్లల బొమ్మని పిల్లలకి అందకుండా దాచాం, ఇప్పుడు పెద్దలకి వేరే బొమ్మలు చేసి వాటినీ దాచుకుంటున్నాం. అద్దం మాత్రం అదే అద్దం. మొన్న దగ్గరగా చూశాను, కింది అర మీద ఒక చిన్న ముక్కు గుర్తుంది. దాని పైన ఇంకో పెద్ద ముక్కు గుర్తు, అది నాది. రెండూ తుడవనివ్వలేదు. వచ్చే శనివారం వాళ్లు మళ్లీ బజారుకెళతారు.

ఇదంతా రాసి, అలవాటు కొద్దీ మా ఆవిడకి చదివి వినిపించాను. రుమాలు దగ్గర నవ్వింది. అక్క చాప పరిచిన చోట చేతిలో పని ఆపింది. అంతా అయ్యాక, బాగుందా అని అడిగాను.

"చక్రం మీ జేబులో ఎప్పుడుందండీ? నా కొంగుకి ముడేసుంది. ఆ రోజు లేచిందీ నేనే, మా ఆయన ఆడుకున్నారని చెప్పిందీ నేనే. మీరు బల్ల కిందికి వంగి చెప్పు వెతుక్కుంటున్నారు. మీరు లేచింది మొన్న ఆదివారం."